కోటిరేవుకు పదిహేడోసారి

నాచారం చరిత్రను ఇంతవరకూ ఎవరూ సరిగ్గా రాయలేదు. రాసిన ఒకరిద్దరూ పారిశ్రామికవాడ ఎప్పుడు పెట్టారో, చెరువు ఎంత ఉండేదో, ఇప్పుడెంత మిగిలిందో చెప్పి చేతులు దులుపుకున్నారు. బసవరాజు తాళం సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

1982 నుంచి 2012 దాకా, సరిసంఖ్య వచ్చిన ప్రతి సంవత్సరం, మే నెల రెండో శనివారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు ఆయన తన ఇంటి తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. మొదటిసారి మర్యాదగా. రెండోసారి అనుమానంగా. మూడోసారి గడపకు కాలు తన్నిపెట్టి, ఇల్లు ఊడి చేతికొచ్చినా సరేనన్నట్టుగా. ముప్ఫై ఏళ్ళలో ప్రభుత్వాలు మారాయి. వీధిలోకి నల్లా వచ్చింది, కొన్నాళ్ళకు నల్లాలోకి నీళ్ళు రావడం మానేశాయి. ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో ఐదంతస్తులు లేచాయి. తాళం లాగడం మాత్రం రెండుకు తగ్గలేదు, నాలుగుకు పెరగలేదు. మూడోది పూర్తయ్యాక ఆయన వెనక్కి తిరిగి, సంచులతో నిలబడ్డ భార్య శారదతో ఒకే మాట అనేవాడు.

"ఇగ నడువు. మన ఊరికి పోదాం."

బసవరాజుకు ఊరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి, ఎందుకంటే ఊరు ఆయనకు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది.

హబ్సిగూడ దారిలోని ఒక కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలో ఆయన గాజు ఊదే పనివాడు. శాస్త్రవేత్తలు చిత్తుకాగితం మీద వంకరగా గీసిచ్చిన బొమ్మను చూసి, మంట ముందు కూర్చుని, గాజు గొట్టాన్ని తిప్పుతూ, నోటితో ఊదుతూ, మూడు మెడల ఫ్లాస్కులూ చుట్టలు తిరిగిన కండెన్సర్లూ తీసి చేతిలో పెట్టేవాడు. ఆ గాజు పాత్రల్లో కాగిన ద్రావకాల పుణ్యాన చాలామందికి డాక్టరేట్లు వచ్చాయి, కొందరికి శాలువాలు వచ్చాయి. బసవరాజుకు దగ్గు వచ్చింది. 2000 దాటాక గాజు సామాను అట్టపెట్టెల్లో, థర్మకోల్ పరుపు మీద పడుకుని, విదేశాల నుంచి దిగడం మొదలైంది. ఏడుగురుండే గాజు సెక్షన్‌లో ఒక్కొక్కరే రిటైరవుతూ, వాళ్ళ స్థానంలో ఎవరూ రాకుండా, 2008 నాటికి ఒక్కడు మిగిలాడు. సెక్షన్ మీటింగులు యథావిధిగా జరగాలని పై నుంచి ఉత్తర్వు ఉంది కాబట్టి, ఆయన నెలకోసారి తనకు తానే హాజరై రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాడు.

ఆ ఉద్యోగంలో చేరింది 1977లో. చేరిన రోజున ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చిదంబరం గారనే గుమాస్తా సర్వీసు బుక్కు తెరిచి, కలం టోపీ తీసి, ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"హోమ్ టౌన్ ఏం రాయమంటావయ్యా?"

"మాకు ఊరు లేద్సార్."

"ఊరు లేకపోవడమేమిటి? ఆకాశంలోంచి ఊడిపడ్డావా?"

బసవరాజు చెప్పుకున్నాడు. తండ్రి నీటిపారుదల శాఖలో లస్కర్. కాలువ తూములు ఎత్తడం, దించడం ఆయన పని. రెండేళ్ళకో కాలువకు బదిలీ. బసవరాజుకు తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి పిల్లవాణ్ని తీసుకుని మౌలాలి రైల్వే క్వార్టర్లో తమ్ముడి పంచన చేరింది. ఇప్పుడు తల్లీ లేదు. మేనమామ రిటైరయ్యాక ఆ క్వార్టరూ లేదు. చిదంబరం గారు ఓపికగా విన్నాడు.

"బాగానే ఉందయ్యా. కానీ ఈ గడి చూడు, వేలెడంత ఉంది. ఇందులో నీ చరిత్ర పట్టదు. ఖాళీగా వదిలితే నీకు ఎల్టీసీ రాదు. ఏదో ఒక ఊరి పేరు చెప్పు."

ఎల్టీసీ అంటే ఏమిటో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు అక్షరాభ్యాసం కంటే ముందే తెలుస్తుంది. తెలియని దురదృష్టవంతుల కోసం: ఉద్యోగి రెండేళ్ళకోసారి కుటుంబంతో సహా సొంత ఊరికి పోయి రావచ్చు, దారి ఖర్చు సర్కారుది. నాలుగేళ్ళలో ఒకసారి మాత్రం సొంత ఊరికి బదులు దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. సొంత ఊరు ఏదన్నది సర్వీసు బుక్కులో ఏం రాసుంటే అది.

బసవరాజు కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. ఒక్కటే దొరికింది. గంగ ఒడ్డున పెంకుటి బడి. ఒకటో తరగతి. పంతులు పెద్ద రిజిస్టర్ తెరిచి తన పేరు రాసుకోవడం, పక్కన నాయిన చేతులు కట్టుకుని నిలబడటం. కిటికీలోంచి ఎండకు మెరిసే నీళ్ళు. ఆరేళ్ళప్పటి మాట అది. ఆ వైపు వాళ్ళు గోదావరిని గంగ అనే అంటారు. తల్లి నోట విన్న ఊళ్ళ పేర్లలో గంగ ఒడ్డువి రెండు మూడు ఉండేవి. అందులో ఒకటి నాలుక మీదికి వచ్చింది.

"కోటిరేవు, సార్. యాభై తొమ్మిదిల నన్ను ఆడ బడిల ఏసిన్రు."

"ఒకసారి రాశాక మార్చుకోవడం అంత తేలిక కాదు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించిన సార్."

చిదంబరం గారి దస్తూరి ముత్యాల్లా ఉండేది. ఆ గడిలో సిరా ఆరేసరికి బసవరాజుకు ఊరు ఏర్పడింది.

ఇక్కడ ఆయన చేసిన నేరం ఒక్కటే. తోటి ఉద్యోగుల్లో కొందరు ఇంట్లోనే కూర్చుని, ఊరెళ్ళి వచ్చినట్టు కాగితాలు పెట్టేవారు. మరికొందరు సొంత ఊరిని వదులుకుని ఊటీకో కాశ్మీరుకో పోయి, మంచులో వంకాయరంగు స్వెట్టర్లతో ఫోటోలు దిగొచ్చేవారు. బసవరాజు నిజంగా ఊరికి పోయేవాడు. ప్రతిసారీ. ఊరున్న వాడికి ఊటీ ఎందుకని ఆయన వాదన.

పెద్దపల్లిలో రైలు దిగి, గంటన్నర బస్సులో కుదుపులు తిని, ఆఖరి స్టేజీలో దిగితే అదే కోటిరేవు. ఏ పర్యాటక శాఖా ఆ దిక్కు చూడలేదు, చూసినా ఏం చేయాలో తోచేది కాదు. గుడి ఉంది, కానీ దానికి మాహాత్మ్యం లేదు. రేవుకు పదకొండు మెట్లున్నాయి, వాటి మీద ఏ రాజూ కాలు పెట్టలేదు. మిర్చి, వరి, మక్కజొన్న, నదిలోంచి నీళ్ళు తోడే మోటార్లు, ఎరువుల దుకాణాలు నాలుగు, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటి. మే నెలలో నది ఎండిపోయి, అర కిలోమీటరు ఇసుక దాటాక చీర అంచంత నీటి పాయ కనిపించేది. కల్లాల్లో మిర్చి ఆరబెట్టి ఉండేది కాబట్టి, ఊళ్ళో దిగిన మొదటి గంట నలుగురూ తుమ్ముతూనే గడిపేవారు. నలుగురంటే బసవరాజు, శారద, కొడుకు నరేన్, కూతురు స్పందన.

బస చేయడానికి లాడ్జి లేదు. బస్టాండు పక్కన టిఫిన్ హోటల్ నడిపే శాంతాబాయి తన వంటింటి వెనక గది ఇచ్చేది. ఆవిడ అవతలి ఒడ్డు నుంచి, మరాఠీ ఇంటి నుంచి, ఇక్కడికి కోడలిగా వచ్చింది. హైదరాబాదు నుంచి మండుటెండల్లో పిల్లల్నేసుకుని ఈ ఊరికి ఎవరైనా ఎందుకొస్తారన్నది కోటిరేవులో చాలాకాలం చర్చనీయాంశం. భూములు కొనడానికని మొదట అనుకున్నారు. కొనలేదు. రేవు దగ్గర లంకెబిందెల గుర్తులేవో తెలుసునని రెండోసారి అనుకున్నారు. తవ్వలేదు. మొక్కు ఉండి ఉంటుందని మూడోసారికి తేల్చుకుని వదిలేశారు. బసవరాజు మాత్రం కనిపించిన ప్రతి మనిషికీ చెప్పేవాడు.

"మేం ఈడోళ్ళమే. నేను ఈ బడిలనే సదువుకున్న."

"అట్లనా సార్, మంచిది" అని, "మరి హైదరాబాదుల వానలు పడ్డయా?" అని అడిగేవారు.

బడి రేవుకు దగ్గర్లోనే ఉండేది. పెంకుటిల్లే. కిటికీలోంచి నీళ్ళు కనిపించేలాగే ఉండేది. ప్రతి మే నెలలోనూ దానికి తాళం ఉండేది, ఎందుకంటే బసవరాజు పిల్లలకు ఎండాకాలం సెలవులున్నప్పుడు కోటిరేవు పిల్లలకూ సెలవులే. ఆయన కటకటాల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి చూపించేవాడు. "అగో, ఆ మూలకు పంతులు గూసుండేది. గీడ మా నాయిన నిలవడ్డడు." ఇనుప చువ్వలు కాలుతుంటే చెయ్యి గబుక్కున లాక్కునేవాడు. పిల్లలు చిన్నప్పుడు శ్రద్ధగా చూశారు, పెద్దవుతున్నకొద్దీ గోడ నీడలో కూర్చున్నారు, కాలేజీలో చేరాక రావడం మానేశారు. శారద మాత్రం పదహారు సార్లూ వచ్చి, పదహారు సార్లూ ఆ మూలను చూసింది.

శారద కోరిక ఒక్కటే. సముద్రం.

1999లో పక్కింటి తారామణి పూరీ వెళ్ళి వచ్చింది. "నీళ్ళు మన మీదికొస్తయి శారదా, మల్ల ఎనుకకు పోతయి. పోతపోత మన కాళ్ళ కిందికెల్లి ఇసుక గుంజుకపోతయి. నిలవడ్డ జాగల నిలవడలేం" అని గోడ మీదుగా చెప్పింది. శారద ఆ రోజు పప్పు మాడబెట్టింది. తర్వాత ప్రతి ఎల్టీసీకీ ముందు ఒకసారి, అన్నం వడ్డిస్తూ, మాట కదిపేది.

"ఈసారి ఊరు ఇడిసిపెట్టి సముద్రం పోదామా?"

"సముద్రం ఏడికన్న పారిపోతదా? పోదాం తియ్యి."

"ఊరు పారిపోతదా మరి?"

బసవరాజు మజ్జిగ కలుపుకునేవాడు. పారిపోతుందనే ఆయన భయం. రెండేళ్ళకోసారి వెళ్ళి ముట్టుకు రాకపోతే, సర్వీసు బుక్కులోని ఆ గడి మళ్ళీ ఖాళీ అయిపోతుందని ఆయనకు లోపల ఎక్కడో ఉండేది. సెలవు పెట్టి సొంతంగా సముద్రానికి పోవచ్చు కదా అంటే, అదేమిటో, ప్రభుత్వం పంపకుండా ప్రయాణం చేయడం ఆయనకు పద్ధతిగా తోచేది కాదు.

ఈలోగా ఊరు అవసరం లోకంలో పెరిగింది. 2009 చివర్నుంచి క్యాంటీన్లో టీ తాగాలంటే ముందు ఏ ఊరో చెప్పాల్సి వచ్చేది. ఎవరు ఇక్కడివాళ్ళు, ఎవరు అక్కడివాళ్ళు అని బల్లలు విడిపోయాయి. పక్కపక్క సీట్లలో ఇరవై ఏళ్ళు కూర్చున్నవాళ్ళు చట్నీ గిన్నె జరపమని అడగడం మానేశారు. "నీదేవూరే బసవన్నా?" అని ఎవరైనా అంటే, ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, కోటిరేవు గురించి ఐదు నిమిషాలకు తక్కువ కాకుండా చెప్పేవాడు. గంగ ఒడ్డు, పదకొండు మెట్లు, పెంకుటి బడి, మిర్చి ఘాటు. వినేవాళ్ళకు టీ చల్లారేది. ఊరున్నవాళ్ళెవరూ తమ ఊరి గురించి అంతసేపు చెప్పరని ఆయనకు తోచలేదు.

2011లో శారద పద్ధతి మార్చింది. ఒక సాయంత్రం టీవీలో చర్చ చూస్తూ, సీరియస్‌గా అడిగింది.

"రాష్ట్రం ఒస్తే సముద్రం మొత్తం అటుపక్కకే పోతదంట గదా?"

"అవును మరి. మనదిక్కు సముద్రం ఏడున్నది?"

"అయితే మనం ఒక్క రాష్ట్రంల ఉన్నప్పుడే ఓపాలి సూపియ్యరాదు. మల్ల పరాయోళ్ళది అయితది."

బసవరాజు నవ్వాడు. నవ్విన పాపానికి ఒప్పుకోక తప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో మొదటిసారి 'దేశంలో ఎక్కడికైనా' అన్న గడి నింపి, విశాఖపట్నం అని రాసి, సెప్టెంబరు ఆఖరి వారానికి టిక్కెట్లు చేశాడు. శారద చీర కుచ్చిళ్ళు తడవకుండా ఎంత ఎత్తి పట్టుకోవాలో తారామణి దగ్గర నేర్చుకుంది. ఆ నెలలోనే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, సరిగ్గా వాళ్ళ తేదీ నాటికి రైలు రోకో వచ్చి బండి రద్దయింది. మధ్యాహ్నం భోజన విరామంలో గేటు ముందు నినాదాలిచ్చిన వాళ్ళలో బసవరాజు కూడా ఉన్నాడు కాబట్టి, ఆయన ఎవర్నీ ఏమీ అనలేకపోయాడు. శారద సర్దిన సంచి విప్పి చీరలు మళ్ళీ బీరువాలో పెట్టింది.

"మనం లొల్లి జేసి మన బండే ఆపుకున్నం" అని మాత్రం అంది.

2012 మే వచ్చింది. శారద గుర్తుచేసింది. బసవరాజు వేళ్ళ మీద లెక్క చూపించాడు. ఈ రెండేళ్ళకు ఊరి బాకీ ఉంది, అది తీరాక, వచ్చే ఏడాది రిటైరయ్యేలోపు సముద్రం. శారద సరేనంది. పదహారోసారి కోటిరేవు వెళ్ళి వచ్చారు. నవంబరులో ఆమెకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమన్నారు, తర్వాత డెంగీ అన్నారు, తర్వాత ప్లేట్‌లెట్లు తెమ్మన్నారు. ఐదో రోజు ఏమీ తేనవసరం లేదన్నారు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, నరేన్ పుణెలో తన ఉద్యోగానికి పోయాక, ఇంట్లో తండ్రీ కూతురూ మిగిలారు. స్పందనకు పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్ళయి చిల్కానగర్‌లో కాపురం. తల్లి చీరలు మడతపెడుతూ, తలెత్తకుండా అడిగింది.

"డాడీ, మమ్మీ కోటిరేవుకు ఎన్నిసార్లు పోయింది?"

"పదహారు."

"సముద్రానికి?"

బసవరాజు మడతపెట్టిన చీరల దొంతర సరిచేశాడు.

"మచిలీపట్నం బండి రాత్రి ఎక్కితే పొద్దుగాల దిగుతం. దానికి ఎల్టీసీ గూడ అవసరం లేకుండె." ఇంకో చీర తీసుకుంది. "సరే, పోయింది. నేను కొట్లాడ్తలేను. ఒక్కటి చెప్పు. ఆ ఊర్ల మనదేంది? ఇల్లా? పొలమా? మనల్ని ఎరిగిన మనిషా? మమ్మీని పదహారుసార్లు ఎండల తిప్పినవ్ గదా, దేనికి తిప్పినవో ఒక్కటి సూపెట్టు. ఇగ జన్మల అడగ."

"బడున్నది గదనే."

"తాళం ఉన్నది డాడీ. బడి నేనెన్నడు చూడలే."

"రిజిస్టర్ల నా పేరుంటది. యాభై తొమ్మిది. మా నాయిన పేరు గూడ ఉంటది."

"నువ్వు సూసినవా?"

"ఎండకాలం గదా బిడ్డా, ఎట్ల సూస్త?"

"అయితే సూసి రా. సెల్‌లో ఫోటో తీసుకొని రా. నా కోసం కాదు."

అలా ఒక పాత రిజిస్టర్‌లోని ఒక వరుస మీద బసవరాజు బతుకు వచ్చి నిలబడింది. ఆ వరుస ఉంటే శారద పదహారు వేసవులు భర్త ఊరికి వెళ్ళినట్టు. లేకపోతే ఎక్కడికీ వెళ్ళనట్టు. సముద్రానికీ కాకుండా, ఊరికీ కాకుండా.

2013 జూన్‌లో రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఉమ మేడం సర్వీసు బుక్కులోంచి ముఖ్య వివరాలు చదివింది. "హోమ్ టౌన్, కోటిరేవు" అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఏ గడికి కొడుతున్నారో గమనించినట్టు లేదు. జులై ఆఖర్న రాష్ట్రం ప్రకటించారు. నాచారం చౌరస్తాలో అర్ధగంట పటాకులు కాల్చారు, ఎవరో ఆయన మొహానికి గులాబీరంగు పూశారు. "బసవన్నా, మన ఊరు మనకొచ్చింది!" అని కౌగిలించుకున్నారు. ఆయన ఆ రంగుతోనే ఇంటికి వచ్చి, అద్దంలో చూసుకుని, మొహం కడుక్కుని, మర్నాటికి పెద్దపల్లి టిక్కెట్టు తెచ్చుకున్నాడు. సర్కారు పంపకుండా చేసిన మొదటి ప్రయాణం అదే.

వానల్లో కోటిరేవును ఆయన ఎన్నడూ చూడలేదు. గంగ నిండుగా ఉంది. ఇసుక లేదు. పదకొండు మెట్లలో నాలుగే పైకి కనిపిస్తున్నాయి. నీళ్ళు ఎర్రగా, బరువుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. పొలాలన్నీ పచ్చగా నాట్లతో ఉన్నాయి. వేసవిలో ఆయనకు తెలిసిన ఊరికీ దీనికీ పోలికే లేదు. వేరే ఊళ్ళో దిగానేమోనని బస్సు బోర్డు మళ్ళీ చూసుకున్నాడు.

శాంతాబాయి పొయ్యి దగ్గర్నుంచి తల బయటపెట్టింది. జుట్టంతా నెరిసింది.

"వానల్ల ఒచ్చినవేంది అన్నా? వదినె ఏది? బస్సుల్నే ఉన్నదా?"

"లేదు శాంతా. పోయింది. కార్తీకంల."

ఆవిడ చేతిలోని గరిటె అలాగే ఉంది. కాసేపటికి పొయ్యి మీది నూనె పొగలు వచ్చాయి, దించలేదు. తర్వాత పీట వేసి ఆయన్ను కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూలబడి, కొంగుతో మొహం కప్పుకుంది. ఆ ఊళ్ళో తన కుటుంబం కోసం ఒకరు ఏడవడం బసవరాజు చూడటం ఇదే మొదలు.

"నీకెరుకనా అన్నా," అంది కొంగు దించి, "నువ్వు మద్యాన్నం పండుకున్నంక ఆమె రేవుకాడికి పోయేది. నేను గూడ పోయేదాన్ని. ఎండకు ఇసుక కాలుతుండె, అయినా నీళ్ళ దాక నడిచేది. ఒక్కటే ముచ్చట. 'శాంతా, ఈ గంగ ఏడిదాక పోతది?' అనేది. సముద్రంల గలుస్తది వదినే అంటే, 'ఎన్ని రోజులకు?' అనేది. నాకేం ఎరుక? నేను నవ్వేదాన్ని. ఆమె ఆ పాయల కాళ్ళు పెట్టి, 'నా కాళ్ళు గడిగిన నీళ్ళన్న పోయి సూడనియ్యి' అనేది."

బసవరాజు లేచి పొయ్యి మీది నూనె దించి, మళ్ళీ పీట మీద కూర్చున్నాడు.

"ఇంకో ముచ్చట. నేను ఓసారి అడిగిన, ఈడికెందుకొస్తరు, ఈడ మీకెవ్వరున్నరు అని. ఏమన్నదో ఎరుకనా? 'ఆయనకు ఇంకో ఊరు లేదు శాంతా. ఇదే అనుకుంటుండు. అనుకోనీ, నాదేం పోయింది' అన్నది."

ఆ 'అనుకుంటుండు' అన్న మాట బసవరాజుకు ఎక్కడో తగిలింది. టీ వద్దన్నాడు. సెల్‌ఫోను జేబులో ఉందో లేదో చూసుకుని లేచాడు. ఇప్పుడిక ఆ వరుస కూతురికి చూపించడానికి మాత్రమే కాదు. చనిపోయిన మనిషికి కూడా చూపించాలి. అనుకోవడం కాదు, నిజమేనని.

బడి తలుపులు తెరిచి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా కటకటాల్లోంచి చూసిన గదిలోకి ఆయన చెప్పులు విడిచి వెళ్ళాడు. పిల్లలు లేచి నిలబడి, "నమస్తే సార్" అని రాగం తీశారు. హెడ్మాస్టర్ ఉమామహేశ్వర్ ముప్ఫై అయిదేళ్ళ మనిషి, కరీంనగర్ నుంచి రోజూ మోటార్‌సైకిల్ మీద వస్తాడు. విషయం విని ముచ్చటపడ్డాడు.

"పాత విద్యార్థి అన్నమాట! కూసోండి సార్. ఏ సంవత్సరం?"

"యాభై తొమ్మిది. ఒకటో తరగతి. బసవరాజు, తండ్రి వీరయ్య, లస్కర్."

ఇనుప బీరువా అడుగు అరలోంచి ఎర్రగుడ్డ మూట తీశారు. ముడి విప్పితే దుమ్ము లేచింది. అందులో అంచులు చెదలు కొరికిన అడ్మిషన్ రిజిస్టర్. బసవరాజు కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. మొదటి పేజీ. మొదటి వరుస. ఎవరిదో పేరు, ఎదురుగా తేదీ. 1 జులై 1968.

"ఇది కాద్సార్. దీని ముందటిది."

"ఇదే మొదటిది సార్."

"పాతది ఇంకోటి ఉంటది. ఇంత పెద్దది. పంతులు రాసిండు. నాకు గుర్తున్నది."

ఉమామహేశ్వర్ బీరువాలోకి మళ్ళీ తొంగి చూశాడు, మర్యాద కోసం. తర్వాత బయట అరుగు మీద కూర్చున్న ముసలాయన్ను పిలిచాడు. సాంబయ్య అక్కడ అటెండర్‌గా చేసి రిటైరై తొమ్మిదేళ్ళయింది. అయినా రోజూ వచ్చి గంట కొట్టిపోతాడు, కొత్త అటెండర్‌కు గంట కొట్టడం రాదని ఆయన అభిప్రాయం.

"తాతా, ఈ సార్ యాభై తొమ్మిదిల ఈడ చదువుకున్నరట. అప్పటి రిజిస్టర్ ఏమైంది?"

"యాభై తొమ్మిదా?" సాంబయ్య బసవరాజును కిందికీ పైకీ చూశాడు. "ఏడ సదువుకున్నడు?"

"ఈడనే. ఈ బడిల" అన్నాడు బసవరాజు. "మా నాయిన గిక్కడ నిలవడ్డడు. కిటికీలకెల్లి గంగ కనవడ్తుండె."

"గంగ ఒడ్డుకు ఎన్ని ఊళ్ళున్నయి సార్, అన్ని ఊళ్ళ కిటికీలకెల్లి గంగ కనవడ్తది." సాంబయ్య గొంతులో ఎగతాళి లేదు. "అప్పుడు నాకు పదిహేనేండ్లు. ఊర్ల బడి ఉంటే నేను గూడ సదువుకుందు గద. లేకుండె."

"ఇంకేడన్న? గుడి కాడ? చావడి కాడ?"

"ఏడ లేకుండె సార్. అరవై ఎనిమిదిల మా చిన్నాయిన జాగ ఇస్తే ఇది కట్టిన్రు."

"మరి అంతకు ముందు ఈడ ఏముండె?"

"కంది చేను" అన్నాడు సాంబయ్య.